తెరమీది బొమ్మ - తెరవెనుక గొంతు

చలనచిత్రమును చూచునపుడు కన్ను చేయు పనిని అందరును గుర్తింతురు. చెవి చేయు పనిని అంతగా గుర్తింపరు. తెరమీద ఒక నక్క మంచులో పరుగెత్తుచుండును. మాటలాడు మనిషి కనిపింపడు, గొంతు మాత్రము వినవచ్చును. నక్క ఆకలితో నున్నదనియు, పిల్లల కొరకు వేటకు బయలుదేరినదనియు ఆ గొంతు చెప్పును. ఇందులో చూచినది పరుగు మాత్రమే. ఆకలి, పిల్లలు, వేట - ఇవి విన్నవి. చిత్రము ముగియునప్పటికి ప్రేక్షకుడు అన్నింటిని కన్నులార చూచితిననియే తలచును.

వార్తలలో, వ్యాపార ప్రకటనలలో, తరగతిలో చూపు పాఠ్యచిత్రములలో, చేతిఫోనులో వచ్చు చిన్న వీడియోలలో నేడీ నేపథ్య వ్యాఖ్యానము లేని చోటు అరుదు. దాని బలమెంతయో, దానిని ఎట్లు వాడవలయునో తెలిసికొనుటకు మూడు చిత్రములను పరిశీలించిన చాలును.

మొదటిది ఫ్రెంచి దర్శకుడు క్రిస్ మార్కర్ 1957లో తీసిన 'సైబీరియా నుండి లేఖ'. అందు యాకుట్స్క్ నగరపు వీధి యొకటి కనిపించును. ఒక బస్సు, ఒక కారు, బాట చదును చేయు పనివారు, కెమెరావంక చూచుచు పోవు ఒక స్థానికుడు - దృశ్యమింతే. దీనినే మార్కర్ మూడు వేర్వేరు వ్యాఖ్యానములతో వరుసగా చూపెను. మొదటి వ్యాఖ్యానమున సోవియట్ వ్యవస్థకు పొగడ్త. ఆ పనివారు సంతోషముతో శ్రమించువారు. రెండవదానిలో నింద, వారే బానిసలవలె వంగి పనిచేయువారు. మూడవది తటస్థముగా నుండ యత్నించును.

ప్రయోగశాలలో ఒక రాశిని మార్చి, తక్కినవానిని స్థిరముగా నుంచినచో ఆ రాశి ప్రభావము తెలియును. మార్కర్ చేసినదియు అట్టి ప్రయోగమే. ఇచ్చట బొమ్మ స్థిరము, గొంతు మారినది. తటస్థ వ్యాఖ్యానము కూడ పూర్తి సత్యము కాదని ఆయనయే సూచించుట ఈ చిత్రమునకు వన్నె తెచ్చినది. నిత్యజీవితములో మనకు మూడు వ్యాఖ్యానములు వినిపింపరు. ఒక్కటే వినిపింతురు, కనుక పోల్చి చూచు అవకాశము ఉండదు.

దాని ఫలితము 1958లో డిస్నీ సంస్థ విడుదల చేసిన 'వైట్ వైల్డర్‌నెస్' చిత్రమున కనబడును. ఉత్తర ధ్రువ ప్రాంతమున ఎలుకజాతికి చెందిన లెమ్మింగులు గుంపుగా కొండచరియనుండి నీటిలోనికి దూకు దృశ్యము అందు కలదు. ఏదో వివేకము లేని ఆవేశము వానిని తరుముచున్నట్లు వ్యాఖ్యాత గంభీరముగా చెప్పును. ఆ చిత్రమునకు ఆస్కార్ బహుమతి లభించినది. లెమ్మింగులు సామూహికముగా ఆత్మహత్య చేసికొనునను పాత కట్టుకథకు అది గొప్ప బలము చేకూర్చినది.

1982లో కెనడా ప్రసార సంస్థ సిబిసి జరిపిన విచారణలో వేరు సంగతి బయటపడెను. ఆ దృశ్యమును ఆల్బర్టా రాష్ట్రమున తీసిరి. ఆ రాష్ట్రమునకు సముద్రతీరమే లేదు. లెమ్మింగులను వేరొకచోట కొని తెచ్చి, మంచు పరచిన తిరుగుడు బల్లపై పరుగెత్తించి, గుంపు పెద్దదిగా కనబడునట్లు చిత్రించి, పిదప చరియనుండి నదిలోనికి తోలిరి. నిజమునకు లెమ్మింగుల సంఖ్య కొన్ని సంవత్సరముల కొకసారి విపరీతముగా పెరిగి తగ్గుచుండును. పెరిగినపుడు అవి క్రొత్త తావులకు వలసపోవును. ఏరులు ఈదునపుడు కొన్ని మునిగిపోవును. ఇది చావును కోరుట కాదు. ఈ చిత్రమున కెమెరా చేసిన మోసమెంతయో గొంతు చేసిన దోషమును అంతే. ఆ గొంతు లేనిచో ప్రేక్షకునకు కనబడునది నీటిలో పడుచున్న జంతువులు మాత్రమే.

ఇట్లని వ్యాఖ్యానమే తగదనుట పొరపాటు. చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1977లో రూపొందించిన 'పవర్స్ ఆఫ్ టెన్' దీనికి సాక్ష్యము. షికాగో నగరపు తోటలో విశ్రమించు జంటతో ప్రారంభమై, ప్రతి 10 సెకండ్లకు దృశ్యపు వెడల్పు 10 రెట్లు పెరుగుచు, చివరకు 10 కోట్ల కాంతి సంవత్సరముల వరకు పోవును. పిదప వెనుకకు మరలి మనిషి చేతిలోని పరమాణువు లోపలికి చొచ్చును. సుమారు 9 నిమిషముల ఈ చిత్రమునకు భౌతికశాస్త్రవేత్త ఫిలిప్ మారిసన్ గొంతునిచ్చెను. దూరమును బొమ్మ తనంతట తాను చెప్పజాలదు. ఆ కొలతను గొంతు అందించును. ప్రోటాను చెంతకు చేరునప్పటికి మన ఎరుక హద్దుకు వచ్చితిమని చెప్పి, కనబడునవి క్వార్కులా యని ప్రశ్నించును. తెలిసినచోట చెప్పి, తెలియనిచోట ప్రశ్నించిన గొంతు అది. అయితే బొమ్మలలో ఏది ఛాయాచిత్రమో, ఏది చిత్రకారుడు గీసినదో వేరుచేసి చెప్పకుండుట ఒక లోపమే.

ప్రకృతి చిత్రములకు తెలుగు వ్యాఖ్యానము వ్రాయువారు మారిసన్ మార్గమును గమనింపవలయును. మూలమున 'కావచ్చును' అని యున్నదానిని గాంభీర్యము కొరకు 'అగును' అని మార్చినచో, అనుమానము సిద్ధాంతముగా మారును.

ఉపాధ్యాయులు తరగతిలో చిన్న ప్రయోగము చేయింపవచ్చును. ఐదు నిమిషముల చిత్రభాగమును మొదట ధ్వని లేకుండ చూపి, చూచినదానిని మాత్రమే విద్యార్థులచే వ్రాయింపవలయును. పిదప ధ్వనితో చూపి, వ్యాఖ్యాత మాటలలో వేనికి బొమ్మలో ఆధారము కలదో, వేనికి లేదో గుర్తింపజేయవలయును. ఆధారము లేని మాట అబద్ధమే కానక్కరలేదు. దానికి వేరొక సాక్ష్యము వెదకవలసి యుండును. ఆ వెదకుట నేర్చిన విద్యార్థిని ఎంత గంభీరమైన గొంతైనను సులభముగా నమ్మింపజాలదు.