హాన్స్‌కి అరవై ఏళ్లొస్తే?

పరధ్యానం మనుషులంటే కథల్లో మనకి భలే సరదా. నుదుటి మీద కళ్లజోడు పెట్టుకుని ఇల్లంతా వెతికే ప్రొఫెసర్‌గారిని చూసి నవ్వుతాం. నవ్వి, "మహా మేధావి సుమండీ!" అని మెచ్చుకుంటాం కూడా. మరి అదే పని ఆయన భార్య చేస్తే? ఆవిడ మేధావి కాదు, "వట్టి మతిలేని మనిషి". ఈ నవ్వు సంగతి ఆలోచించినప్పుడల్లా నాకు ఓ జర్మన్ పిల్లల పుస్తకం గుర్తొస్తుంది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో హైన్రిష్ హాఫ్‌మన్ అని ఒక డాక్టరు ఉండేవాడు. 1844 క్రిస్మస్‌కి మూడేళ్ల కొడుక్కి బొమ్మల పుస్తకం కొందామని వెళితే ఒక్కటీ నచ్చలేదు. ఖాళీ నోటుబుక్కు కొనుక్కొచ్చి, పాటలూ బొమ్మలూ తనే తయారుచేశాడు. మరుసటి ఏడు అచ్చయింది. అదే 'స్ట్రువెల్‌పీటర్'. అందులో ఫిలిప్ అనేవాడు భోజనాల బల్ల దగ్గర కుదురుగా కూచోలేడు. కుర్చీ ఊపి ఊపి, బల్లగుడ్డ పట్టుకుని వెనక్కి పడతాడు. వాడితోబాటే గిన్నెలూ, రొట్టే నేలపాలు! ఇంకొకడు హాన్స్. ఆకాశంలో పిట్టల్ని చూస్తూ నడిచి నదిలో పడతాడు. మనుషులు కర్రలతో పైకి లాగుతారు. చేపలు తలలెత్తి పకపకా నవ్వుతాయి. వాడి పుస్తకాల సంచీ ఏటవాలున కొట్టుకుపోతుంది.

బొమ్మల్లో హాస్యం ఉంది, పాటలో పరుగుంది, కాదనను. నా ఫిర్యాదల్లా ఒక్కటే: పిల్లలు పడగానే కథ అయిపోయింది. పెద్దయ్యాక ఏమయ్యారు?

డాక్టర్లూ చాలాకాలం అక్కడే ఆగిపోయారు. 1968 నాటి అమెరికా మానసిక వైద్యుల గ్రంథం దీన్ని బాల్యంలోని చేష్టగా చెప్పి, యవ్వనం వచ్చేసరికి సాధారణంగా తగ్గిపోతుందంది. ఇప్పుడు ఏ.డి.హెచ్.డి. అంటున్నది దీన్నే. కొందరిలో ఇది పెద్దయ్యాకా ఉంటుందని 1980లో ఒప్పుకున్నారు. పదిహేడేళ్లు దాటినవాళ్లకి ఆరు లక్షణాలక్కర్లేదు, అయిదు చాలని 2013లో రాశారు.

ఇక ఆడపిల్లల సంగతి చూడండి. వీళ్లలో చాలామంది ఫిలిప్‌లు కారు, హాన్స్‌లు. బల్ల తిరగెయ్యరు, కిటికీలోంచి చూస్తూ కూచుంటారు. అల్లరి చెయ్యని పిల్లని డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళతారు? పెళ్లయ్యాక పొయ్యిమీద పాలు పొంగిపోతాయి, కట్టవలసిన బిల్లు గడువు దాటిపోతుంది. "బద్ధకం, నిర్లక్ష్యం" అని ఇంట్లో అంటారు. కొన్నాళ్లకి తనూ అదే అనుకుంటుంది. ఇన్నాళ్లూ ఆఫీసు వేళా, పిల్లల బడి గంటా ఆమెను తోసుకుంటూ నడిపించాయి. అరవై దాటాక అవి ఆగిపోతే రోజంతా చెదిరిపోతుంది. "అమ్మకి చాదస్తం వచ్చింది, మతిమరుపు రోగమేమో" అని పిల్లలు బెంబేలు పడతారు. ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇది కొత్తగా వచ్చిందా, చిన్నప్పట్నించీ ఉన్నదేనా? కొత్తదైతే వెంటనే పరీక్ష చేయించాలి. పాతదైతే దానికీ వైద్యం ఉంది. రక్తపోటూ గుండే చూసి డాక్టరిచ్చే మందులున్నాయి. తాళాలకి ఒక మేకు, పనులకి ఒక చీటీ, గుర్తుచెయ్యడానికి ఒక గడియారం ఉండనే ఉన్నాయి.

ఫిలిప్ కథలో నన్ను ఆపేసేది తండ్రి గద్దింపు కాదు, తల్లి. ఆవిడ ఒక్క మాట మాట్లాడదు, ఊరికే బల్లంతా కలయజూస్తుంది. హాఫ్‌మన్ ఆమె మనసులోకి తొంగిచూడలేదు. ఈ గుణం వంశంలో దిగివస్తుందని ఈనాడు మనకి తెలుసు. ఆ కుదురులేనితనం బహుశా ఆమెదీనేమో! తన బాల్యమే ఎదురుగా కుర్చీ ఊపుతుంటే ఏమని మందలిస్తుంది?

ఆ తల్లి కథ ఎవరైనా రాయాలి. నదిలోంచి లేచిన హాన్స్ బట్టలు ఆరిపోయుంటాయి. చేపల నవ్వు మాత్రం అరవయ్యో ఏట కూడా చెవిలో వినిపిస్తూనే ఉంటుంది. మన హాస్యకథలు ఇంతకాలం ఆ చేపల పక్షానే రాశాయి. కొట్టుకుపోయిన సంచీ ఏమైందని అడిగే రచయిత ఇంకా రావాలి.