పొట్రెరో చికో నిలువు దారులు

మెక్సికో ఈశాన్యంలోని మోంటెర్రే నగరానికి వాయవ్యంగా 40 కిలోమీటర్ల దూరంలో హిడాల్గో అనే చిన్న పట్టణం ఉంది. చిహువావా ఎడారి అంచు ప్రాంతమది. ఎటు చూసినా ముళ్లపొదలు, నాగజెముడు, కిత్తనార జాతి మొక్కలు. ఊరు దాటగానే సున్నపురాయి కొండలు ఒక్కసారిగా నిట్టనిలువుగా లేస్తాయి. వాటి మధ్య ఉన్న ఇరుకు లోయే ఎల్ పొట్రెరో చికో. ఇంతకంటే ఎత్తయిన రాతిగోడలు లోకంలో చాలానే ఉన్నాయి. అయితే అడుగు నుంచి పైదాకా బోల్టులు బిగించిన ఇంత పొడవైన దారులు, ఇన్ని ఒకేచోట దొరకడం అరుదు. అందుకే చలికాలం వచ్చిందంటే దేశదేశాల క్లైంబర్లు ఇక్కడికి చేరుకుంటారు.

ఇలా బోల్టులు బిగించిన దారుల్లో ఎక్కే స్పోర్ట్ క్లైంబింగ్‌లో తాడు మనిషిని పైకి లాగదు. మన కల్లుగీత కార్మికుడు మోకు మీద బరువు మోపి తాడిచెట్టు ఎక్కుతాడు. ఇక్కడ ఆ ఆసరా కూడా ఉండదు. వేళ్లకు దొరికిన అంచు, బూటు మునివేళ్లు ఆనిన గరుకు రాయి, వాటితోనే పైకి పోవాలి. తాడు ఉన్నది పడిపోతే ఆపడానికే. ముందు ఎక్కేవాడు నడుముకు కట్టుకున్న హార్నెస్‌కు తాడు ముడివేసుకుంటాడు. బోల్టు ఎదురైనప్పుడల్లా దానికి క్విక్‌డ్రా అనే కొక్కేల పట్టీ తగిలించి, అందులో తాడు వేసి ముందుకు సాగుతాడు. కింద ఉన్న తోడు తాడును వదులుతూ, అవసరమైతే బిగిస్తూ ఉంటాడు. దీన్నే బిలే అంటారు. చివరి బోల్టుకు 2 మీటర్లు పైన ఉండగా చెయ్యి జారితే, పడేది 4 మీటర్ల పైమాటే. తాడు సాగి ఆ కుదుపును మింగుతుంది.

తాడు పొడవు సాధారణంగా 60, 70 మీటర్లు. గోడ అంతకు ఎన్నో రెట్లు. అందుకే దారిని పిచ్‌లుగా విడగొడతారు. ఒక పిచ్ అయ్యాక అక్కడి యాంకర్ బోల్టులకు తనను తాను బంధించుకుని, తోడును పైకి రప్పించుకుని, మళ్లీ మొదలుపెట్టాలి. ఇక్కడి ‘టైమ్ వేవ్ జీరో’ దారిలో 23 పిచ్‌లు, దాదాపు 700 మీటర్లు. తెల్లవారకముందే బయల్దేరితే తప్ప వెలుగుండగా దిగలేరు.

ఈ బోల్టులు ఎవరో ఒకరు గోడకు వేలాడుతూ, డ్రిల్లు మోసుకుంటూ, ఒక్కో రంధ్రం తొలిచి బిగించినవి. వదులుగా ఉన్న రాళ్లు తీసేసింది, ముళ్లు నరికింది కూడా వాళ్లే. జెఫ్ జాక్సన్, కర్ట్ స్మిత్, పీట్ పీకాక్ 1990ల తొలినాళ్లలో ‘ఎల్ సెండెరో లుమినోసో’ అనే 15 పిచ్‌ల దారిని అలా తీర్చిదిద్దారు. 2014 జనవరిలో క్లైంబర్ అలెక్స్ హోనాల్డ్ దాన్నే తాడు లేకుండా మూడు గంటల పైచిలుకు సమయంలో ఎక్కాడు. ఆ సాహసం అందరికీ తెలిసింది. దానికి ముందు అతనూ మిత్రుడు సీడార్ రైట్ రోజుల తరబడి ఆ దారిలోని మొక్కలు, మట్టి, కదిలే రాళ్లు శుభ్రం చేసిన సంగతి తక్కువమందికి తెలుసు. నా దృష్టిలో ఈ సంప్రదాయానికి ప్రాణం ఆ శ్రమే. ముఖం తెలియని క్లైంబర్ల భద్రత కోసం చేసే పని అది.

బోల్టులు ఎక్కడాన్ని సురక్షితం చేశాయి. దిగడాన్ని అంతగా చేయలేదు. తాడును యాంకర్ గుండా దూర్చి, రెండు కొసలూ కిందికి వదిలి జారడాన్ని రాపెల్ అంటారు. ఇద్దరూ చెరో కొసన ఒకేసారి దిగితే సమయం కలిసొస్తుంది, కానీ ఒకరి బరువే మరొకరికి ఆధారం. 2019 నవంబరు 27న పేరొందిన క్లైంబర్ బ్రాడ్ గోబ్రైట్ ఎల్ సెండెరో లుమినోసో నుంచి అలాగే దిగుతూ మరణించాడు. తాడు కొసలు సమానంగా లేవు, చివర ముడులు లేవు. అతని వైపు తాడు అయిపోయింది. తోడున్నవాడు గాయాలతో బతికాడు. తాడు కొసన వేసే ఆ ముడి నిమిషం పట్టని పని, ఎంత అనుభవం ఉన్నా మానకూడని పని.

పొట్రెరో చికో చేరుకోవడం కష్టమేమీ కాదు. మోంటెర్రే విమానాశ్రయం నుంచి టాక్సీలో గంట, గంటన్నర. లోయ దారి పొడవునా గుడారాలు వేసుకునే స్థలాలు, గదులు ఉంటాయి. అక్కడి నుంచి గోడల దగ్గరికి నడకే. నవంబరు నుంచి మార్చి దాకా అనువైన కాలం, ఎండాకాలం గోడలు కాలిపోతాయి. దక్షిణ ముఖంగా ఉన్న గోడలకు రోజంతా ఎండ తగులుతుంది కాబట్టి చలిరోజుల్లో అవి, వేడిగా ఉంటే నీడ గోడలు ఎంచుకోవాలి. పైన ఎక్కేవాళ్ల కాలికింద రాళ్లు ఊడే చోటు ఇది, హెల్మెట్ లేకుండా గోడ కింద నిలబడవద్దు.

టెక్సస్‌లో ఉన్న మనవాళ్లకు ఇది దగ్గరి ప్రయాణమే. తెలంగాణలో ఉన్నవాళ్లకు భువనగిరి ఏకశిల దగ్గర శిక్షణ దొరుకుతుంది. ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ అంతకుముందు రాయి ఎక్కడం నేర్చుకున్నది అక్కడే. ఎక్కడ మొదలుపెట్టినా ముడులు, బిలే, రాపెల్ ఒక గురువు దగ్గర చేతికి అలవాటయ్యేదాకా నేర్చుకోండి. ఆ తర్వాతే పొట్రెరో టికెట్టు కొనండి.