చీమలను సాకు విద్య

తొలకరి కురిసిన రాత్రి బెల్లంపల్లి బొగ్గుగనుల క్వార్టర్లలో వీధిదీపములక్రింద రెక్కల పురుగులు కుప్పలుగా రాలుట ఎల్లరు నెరిగినదే. వానిలో నధికభాగము ఉసిళ్ళు. అవి చెదల సంతానము. నడుము సన్ననై, ముందురెక్కలు వెనుకరెక్కలకంటె పొడవై, మీసములు మోచేతివలె వంగియున్నదే చీమ. అట్టి గండుచీమరాణి యొకతె, ఇక నక్కరలేని రెక్కలను తానే విరిచివైచుకొని, గోడవార నెరియను వెదకుకొనుచు పోవునపుడు పట్టుకొన్నవానికి ఈ విద్య సక్రమముగా నారంభమగును. పుట్టను త్రవ్వి దండునంతటిని పెకలించి తెచ్చుట దోపిడి.

గాజునాళికలో మూడవవంతు నీరు పోసి, దూది బిగించి, ఆ దూదికి ఈవల రాణిని విడిచి, మూతికి మరల దూదిపెట్టి చీకటిలో నుంచవలెను. ఆహార మక్కరలేదు: నిన్నటివరకు ఎగురుటకు తోడ్పడిన కండరములే ఆమె దేహమున కరగి తొలి సంతతికి పోషణమగును. నెలయో, అంతకు కొంత మిక్కిలియో గడచిన పిమ్మట పొట్టి పనిచీమలు నాలుగైదు బయటపడును. అప్పుడు తేనెనీటి చుక్కయు చంపిన ఈగయు చాలును. కష్టమంతయు ఆ నెలదినములు చూడకుండుటయందే యున్నది. మొదటియేట నేను దినమునకు రెండుమారులు తీసి చూచితిని. కలతచెందిన రాణి తన గ్రుడ్లను తానే తినివైచెను. తప్పు నాదే.

ఈ విద్యకు శాస్త్రగౌరవము తెచ్చినవాడు ఇంగ్లండున సర్ జాన్ లబ్బక్. రెండు గాజుపలకలనడుమ పలుచగా మన్ను నింపి, అందు చీమలను కాపురముంచి, ఆ గూళ్ళున్న పీటచుట్టు నీటికందకము కట్టెను. మన యిండ్లలో బెల్లపుగిన్నెను నీళ్ళపళ్ళెములో నుంచి చీమలను రానీయము. ఆయన ఆ యుపాయముచేతనే వానిని పోనీయకుండెను. రంగుగాజులు కప్పి చూడగా చీమలు ఊదారంగు వెలుగును వీడి ఎఱ్ఱగాజుక్రింద చేరెను: వానికి ఎఱుపు చీకటివంటిదే. 1882 నాటి ఆయన గ్రంథమునందున్న యీ సంగతిచేతనే నేటికిని చీమల గూటికి ఎఱ్ఱని పలక కప్పి, వానికి రాత్రియు మనకు పగలును సమకూర్చుకొనుచున్నాము.

ఫ్రాన్సున షార్ల్ జానే ప్లాస్టరుదిమ్మెలో అఱలు తొలిచి, ఒక కొననున్న అఱలో నీరుపోసెను. నీరు దిమ్మెలోనికి క్రమముగా నింకుటచే ఒక గది చెమ్మగాను, నడిమిది నులితేమగాను, కడపటిది పొడిగాను ఉండును. ఏ గది యెప్పుడు తగునో చీమలే తేల్చుకొని, బిడ్డలను నోట కరచుకొని గది మార్చుచుండును. మన ఊహకంటె వాని యెన్నిక మేలని యొప్పుకొన్న యీ దిమ్మెయే నా దృష్టిలో ఈ విద్యకంతటికి శిఖరము.

ఎడారిచీమల పెంపకమునకును ఇదే సూత్రము, తేమకు తోడు వేడియు చేరును: గూటికి ఒకవైపు దీపపువేడి, మఱొకవైపు చల్లదనము, ముందర పొడి యిసుకబయలు. సహారాలోని కాటగ్లిఫిస్ చీమ నేల 60 డిగ్రీలు దాటి కాగుచున్న మిట్టమధ్యాహ్నమున, ఎండకు చచ్చిన పురుగులకై పరుగెత్తును. వంకరటింకరగా పోయినను గూటికి తిన్నని గీతలో మరలివచ్చును. ట్యునీషియాలో వైద్యుడైన సాంట్షి 1911లో అద్దముతో సూర్యబింబమును మఱొకదిక్కున చూపగా ధాన్యపుచీమలు దారి మార్చెను. అచ్చటనే 1969 మొదలు కాటగ్లిఫిసును పరిశోధించిన వేనర్, తన సహచరులతో 2006లో, మేతకడ చీమల కాళ్ళకు పందివెంట్రుకలతికించి పొడవు చేయగా, అవి మరలివచ్చునపుడు గూటిని దాటిపోయెను. కాళ్ళు కురుచచేసినవి ముందే నిలిచెను. అడుగుల లెక్కవంటి దేదో వానికి కలదు!

వేసవిలో 45 డిగ్రీలు చూచు మన ఊరికి పరదేశపుచీమను తెప్పించుకొనుట అనవసరము, తప్పించుకొన్నచో అపాయకరమును. మామిడిచెట్టు మొదటనుండి పేనుబంక తీపికై కొమ్మలకెక్కు మన గండుచీమయే చాలును. ఐతే నాళికను సిద్ధము చేసికొనుటకు ముందు ఒక్క లెక్క వేసికొనుడు: లబ్బక్ 1874లో తెచ్చుకొన్న రాణి ఆయన గాజుగూటిలో 1888 వరకు బ్రదికెను.