అన్నదమ్ముల వాటాలు

మా గుండుగొలను వైపు పొలం పంచడం ఒక విద్య. బోదె ఎటు పారుతుంది, కొల్లేరు పొంగితే ఏ చేను ముందు మునుగుతుంది, ఎవరి బండి ఎవరి గట్టు మీదుగా పోవాలి, ఇవన్నీ చూసి పెద్దమనుషులు వాటాలు కడతారు. చీట్లు రాసి పసివాడి చేత తీయిస్తారు. ఎకరాలు సమానంగా వచ్చినా నీళ్ళ దగ్గర తేడా పడిందో, అన్నదమ్ములు శుభకార్యాలకు కూడా పిలుచుకోరు.

ఒకప్పుడు ఇంగ్లండు పెద్దిళ్ళలో ఈ తంటా తక్కువ. భూమి పెద్దకొడుకుది. నార్‌ఫోక్ భూస్వామి, నైట్ అయిన సర్ జాన్ పాస్టన్‌కి 1466లో తండ్రి పోగానే ఆస్తి చేతికొచ్చింది. తమ్ముడి పేరూ జానే, తండ్రి పేరూ జానే. ఆ ఇంట పేర్లకి కరువు కాబోలు! 1469లో నార్‌ఫోక్ డ్యూక్ వాళ్ళ కేస్టర్ కోటని ముట్టడిస్తే లోపలుండి కాపు కాసింది తమ్ముడు. కోట మాత్రం అన్నది. 1479లో అన్న పెళ్ళి కాకుండానే పోయాక గానీ తమ్ముడి వంతు రాలేదు.

మనకి దగ్గర్లోని నూజివీడు జమీందార్లు మేకావారిది వేరే దారి. 1802లో జమీ రెండైంది: నిడదవోలు ఒకరికి, నూజివీడు మరొకరికి. తరవాతి తరాల్లో నూజివీడు పెద్దవాడొక్కడిదా, తమ్ముళ్ళకీ వాటా ఉందా అన్న తగువు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1870ల చివర్లో, ఇది మామూలు జమీయే, పంచుకోవచ్చని తీర్పొచ్చింది. ఉయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు వేరు జమీలయ్యాయి. సంస్థానం చిన్నబోయిందని వగచేవాళ్ళు ఉండొచ్చు. నేను మాత్రం తమ్ముళ్ళ పక్షం.

1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీలే పోయాయి. మీర్జాపురం రాజావారు అప్పటికే సినిమాల్లో ఉన్నారు. 1949లో ఆయన దర్శకత్వంలో 'కీలుగుర్రం' వచ్చింది. అదే ఏడు ఆయన భార్య, నటి కృష్ణవేణి తీసిన 'మన దేశం'తో ఎన్.టి. రామారావు తెరకెక్కారు. ఆ రామారావే ముఖ్యమంత్రిగా ఉండగా 1986లో, కొడుకులతోపాటు కూతుళ్ళకీ ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ చట్టం తెచ్చారు. అయితే అప్పటికే పెళ్ళయిన ఆడపిల్లలకి వర్తించదన్నారు. ఒకే ఇంట్లో చెల్లెలికి పొలం దక్కి, ముందే పెళ్ళయిన అక్కకి పసుపు కుంకుమలతో సరి. 2005లో కేంద్రం చట్టాన్ని సవరించాకే ఆ అక్కకీ హక్కొచ్చింది.