బుల్లితెర మీద కనిపించని పని

టెలివిజన్ దిగజారిపోయిందని అనని వాళ్ళు ఈ రోజు కనిపించరు. సాహిత్య సభ ముగిసి నలుగురూ టీ తాగే చోట కూడా చివరికి మాట అక్కడికే వస్తుంది. అత్తాకోడళ్ళ కుట్రలు, రెండర్థాల హాస్యం, ఒకరి మాట ఒకరు వినని చర్చలు, మనుషుల్ని ఒక ఇంట్లో పెట్టి తాళం వేసి వాళ్ళ తగవుల్ని చూపించే పోటీలు - జాబితా అందరికీ కంఠస్థమే. ఈ అసహనంలో న్యాయముంది. కాని అది రెండు చోట్లకు చేరి ఆగిపోతున్నది. ఒకటి అశ్లీలం, రెండు జనం అభిరుచి. "జనానికి అదే కావాలి, అదే ఇస్తున్నాం" అని ఛానల్ యజమాని అంటే అది అతని వ్యాపారం. ఆ మాటనే కాస్త విచారం కలిపి సాహిత్య విద్యార్థి అంటే, తనకు తెలియకుండానే అతను యజమాని పక్షాన సాక్ష్యం చెబుతున్నాడని అర్థం.

ఒక నవలను పరిశీలించేటప్పుడు మనం మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. ఇందులోని మనుషులు ఏం చేసి బతుకుతున్నారు? వీళ్ళింట్లో పొయ్యి ఎలా వెలుగుతున్నది? దీనికి జవాబు చెప్పలేని నవలను, శిల్పం ఎంత నునుపుగా ఉన్నా, సందేహంతోనే చూస్తాం. టెలివిజన్‌ను మాత్రం ఆ ప్రశ్న అడగం. అడిగితే అసలు పతనం ఎక్కడ జరిగిందో తేలుతుంది. తెలుగు బుల్లితెర మీది నుంచి పని అనేది క్రమంగా మాయమైపోయిందని నా అభిప్రాయం. తక్కిన రోత అంతా దాని వెనక వచ్చిందే.

ఈ మాటను పరీక్షించడానికి నిజామాబాద్ పట్టణం చాలు. ఇక్కడి వాడల్లో, చుట్టుపట్ల పల్లెల్లో ఇంటి అరుగు మీదనో లోపలి గదిలోనో కూర్చుని బీడీలు చుట్టే స్త్రీలు వేల సంఖ్యలో ఉన్నారు. తునికాకును తడిపి, కొలత ప్రకారం కత్తిరించి, పొగాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మడవటం - పొద్దుగూకేదాకా ఇదే. కూలి వెయ్యి బీడీల లెక్కన. చేట ఒళ్ళో ఉంటుంది, టీవీ ఎదురుగా ఉంటుంది. చూపు మాత్రం ఆకు మీదే ఉండాలి. కత్తెర పక్కకు పోతే ఆకు వృథా. ఆకు తక్కువపడితే నష్టం ఆమెదే. కనుక ఆమె సీరియల్‌ను చూడటం కన్నా వినటమే ఎక్కువ. ముఖ్యమైన చోట ఒకసారి తలెత్తి మళ్ళీ దించుకుంటుంది.

ఇప్పుడు సీరియల్ నిర్మాణాన్ని గమనించండి. ఒక పాత్ర ఒక మాట అంటుంది. పిడుగుపడ్డ చప్పుడు. గదిలో ఉన్న ఆరుగురి ముఖాలూ వరసగా, రెండు మూడు సార్లు. ఆ తర్వాత అదే మాటను ఇంకొక పాత్ర ప్రశ్నగా మార్చి అడుగుతుంది. మనసులో అనుకునేది కూడా పైకి వినిపిస్తుంది. మరునాటి భాగం మొదట్లో ఇదంతా మరొకసారి. విమర్శకులు దీన్ని సాగదీత అంటారు. సాగదీతే. కాని రెండు చేతులూ ఖాళీ లేని మనిషి చెవితో అందుకోవడానికి సరిగ్గా సరిపోయే శిల్పం కూడా ఇదే. ఎవరైనా ఆలోచించి చేశారో, ప్రేక్షకుల లెక్కలు చూసుకుంటూ అక్కడికి చేరారో గాని, ఈ పరిశ్రమ తన ప్రేక్షకురాలి పనికి తగినట్టుగా తన రూపాన్ని మలుచుకున్నది. వస్తువులోకి మాత్రం ఆ పనిని రానివ్వలేదు. వస్తువుకూ శిల్పానికీ సంబంధం గురించి మన వ్యాసాల్లో ఎన్నో చర్చలు చేసుకున్నాం. ఇంత స్పష్టమైన ఉదాహరణ నాకు మరొకటి కనిపించలేదు.

ఆమె వినే కథలో ఎవరూ పని చెయ్యరు. పట్టపగలు కుటుంబమంతా హాల్లో నిలబడి ఉంటుంది. మగవాళ్ళు సూటు వేసుకుని ఇంట్లోనే తిరుగుతుంటారు. కంపెనీ అని ఒకటుంటుంది. అందులో ఏం తయారవుతుందో వందల భాగాలు గడిచినా తెలియదు; దాని మీద పెత్తనం ఎవరిదన్నదే తగవు. నిజామాబాద్, ఆర్మూర్, బోధన్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పోయిన మగవాళ్ళు ఎందరో ఉన్నారు. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి ఇంటి ముఖం చూసే భర్తలున్న ఇళ్ళలో, ఏ పనీ లేకుండా పగలంతా ఇంట్లోనే ఉండే భర్తల కథలు మోగుతున్నాయి. దీన్ని వినోదమని ఎలా అనాలి?

వెనకటి రోజుల్లో అంతా బాగుండేదని నేననటం లేదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఒక అమెరికా ఉపగ్రహం సాయంతో మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్‌ను తీసుకువెళ్ళారు. పంచాయతీ దగ్గరో బడి దగ్గరో ఒక పెట్టె, దాని ముందు ఊరు. వ్యవసాయం, పశుపోషణ, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. అత్యవసర పరిస్థితి ప్రకటించిన కొద్ది వారాలకే మొదలైన ఆ ప్రయోగంలో పైనుంచి కిందికి ఉపదేశించే ప్రభుత్వ గొంతు ఉంది. రైతు అందులో నేర్చుకునేవాడే గాని చెప్పేవాడు కాదు. అయినా నాగలి, పేడకుప్ప, పశువు, నారుమడి తెర మీదికి రాదగిన వస్తువులన్న గుర్తింపు ఒకటి అక్కడ ఉంది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైనప్పుడు కూడా ఆ గుర్తింపు మిగిలే ఉంది.

1984లో దాదాపు రోజుకొక ట్రాన్స్‌మిటర్ చొప్పున దేశమంతా నిలబెట్టారు. ప్రాయోజకుడు వచ్చినదీ ఆ ఏడే. 'హమ్ లోగ్' కథతో పాటు రెండు నిమిషాల నూడుల్సు కూడా ఇళ్ళల్లోకి ప్రవేశించాయి. అయినా 1986లో సయీద్ మీర్జా, కుందన్ షా కలిసి 'నుక్కడ్' తీయగలిగారు. వీధి మలుపు దగ్గర ఒక ఎలక్ట్రీషియన్, ఒక సైకిల్ షాపు మనిషి, ఒక హోటలు యజమాని, పని దొరకని మరికొందరు. వాళ్ళ చేతుల్లో పనిముట్లుండేవి. వాళ్ళ తగవులు ఆ పనిలోంచి పుట్టేవి. మరుసటి ఏడాది అదే దూరదర్శన్ ఆదివారం ఉదయాన్ని పురాణానికి అప్పగించింది. దాని రాజకీయ ఫలితాలు పాఠకులకు తెలియనివి కావు. మరొక ఏడాదికి అందులోనే గోవింద్ నిహలానీ 'తమస్', హైదరాబాదులో పుట్టి పెరిగిన శ్యామ్ బెనెగల్ 'భారత్ ఏక్ ఖోజ్' వచ్చాయి. ఒకే సంస్థలో ఈ రెండు ధోరణులూ పెనుగులాడాయి. టెలివిజన్‌కు భారతీయమైన వ్యక్తిత్వం ఉండాలని, అది ఢిల్లీ చుట్టూ తిరగకూడదని చెప్పిన పి.సి. జోషి కమిటీ నివేదిక ఆ రోజుల్లోదే. దాని గతి ఏమైందో చెప్పనక్కర లేదు.

1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ ఏడాదే జెమిని, ఈటీవీ వచ్చాయి. ప్రజల ఆస్తి ఎవరి చేతికి వెళ్ళిందో అందరం చూశాం. అయితే ప్రైవేటు కాగానే అంతా చెడిందనటం సోమరి విమర్శ. తెల్లవారుజామున రైతుతో మాట్లాడించిన 'అన్నదాత' ప్రైవేటు ఛానల్‌దే. 2001 నుంచి 2007 దాకా నడిచిన గుణ్ణం గంగరాజు 'అమృతం'లో నవ్వంతా ఒక చిన్న హోటలు నడపలేక పడే తంటాల్లోంచి వచ్చింది. సరుకు, అద్దె, సర్వరు, పాచిపోయిన వంట - ఇవి లేకపోతే ఆ హాస్యమే లేదు. ఈ రోజు హాస్యమని నడుస్తున్నవాటిలో నవ్వించేది ఎదుటి మనిషి రంగు, లావు, మగవాడికి కట్టిన చీర. పని పోయిన చోట శరీరం వచ్చి కూర్చుంది.

ఇక 2017 నుంచి 2023 దాకా ఇళ్ళను ఏలిన 'కార్తీక దీపం'. అది మలయాళం నుంచి తెచ్చుకున్న కథ. కథానాయిక పేరు దీప. జనం మాత్రం ఆమెను 'వంటలక్క' అన్నారు. సూటూ హాలూ తప్ప మరేమీ లేని తెర మీద, వంట చేసి బిడ్డను పెంచుకుంటున్న స్త్రీ కనపడగానే తెలుగునాట ఆడవాళ్ళు ఆమెను ఆమె పని పేరుతో పిలిచారు. జనం అభిరుచిని తిట్టేవాళ్ళు ఈ సంగతి దగ్గర ఆగి ఆలోచించాలి. కథ ఆ పేరుకు న్యాయం చేసిందా? ఆమె ఎన్ని ఇళ్ళకు వండుతుంది, ఎంత ఇస్తారు, ఒంట్లో బాగాలేని రోజున ఏం చేస్తుంది - ఇవేవీ కథను నడపలేదు. డాక్టరైన భర్త తన భార్య శీలాన్ని ఎప్పుడు నమ్ముతాడన్న ఒక్క ప్రశ్న మీద ఏళ్ళు గడిచాయి. వంట ఆమె దైన్యానికి గుర్తుగా మిగిలింది. చిన్నతనంలో ఇతరుల ఇంట వంట చేసి, హోటల్లో సర్వరుగా పని చేసి రచయిత అయిన వట్టికోట ఆళ్వారుస్వామి ఇదే నిజామాబాద్ జైల్లో దాశరథితో పాటు ఖైదీగా ఉన్నాడు. పనిమనిషి కథకు తెలుగులో పూర్వులు లేరని ఎవరూ అనలేరు.

బోధన్ వైపు వెళితే ఈ లోటు మరింత తీవ్రంగా కనిపిస్తుంది. మంజీర మీద 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయింది. ఆ నీళ్ళ మీద చెరుకు, ఆ చెరుకు మీద 1930ల చివర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచాయి. ఒకప్పుడు ఆసియాలోని పెద్ద చక్కెర మిల్లుల్లో దాన్ని లెక్కించేవారు. కోస్తా నుంచి వచ్చి క్యాంపులు కట్టుకున్న రైతులు, ఉర్దూ మాట్లాడే కార్మికులు, సరిహద్దు అవతలి మరాఠీ కూలీలు - నవలాకారుడికి ఇంతకన్నా ఏం కావాలి? 2002లో ప్రభుత్వం అధిక వాటాను ప్రైవేటు సంస్థకిచ్చింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది.

వార్తా ఛానళ్ళు దీన్ని చూపించలేదని కాదు. ధర్నా డేరా, నాయకుడి హామీ, ఒక కార్మికుడి అర నిమిషం కన్నీళ్ళు చూపించాయి. ఎన్నికలప్పుడు మళ్ళీ అవే. కాని నరికిన చెరుకు ఆగలేదని, రోజు గడిచేకొద్దీ బరువూ చక్కెరా తగ్గుతాయని, అందుకే పక్కనున్న మిల్లు మూతపడితే రైతు చేతిలోని పంటే మారిపోతుందని ఏ కార్యక్రమం విడమర్చి చెప్పింది? పని ఎలా జరుగుతుందో చూపించని చోట, పని పోవడమంటే ఏమిటో ప్రేక్షకుడికి అర్థం కాదు. అతనికి కన్నీళ్ళు మాత్రమే కనిపిస్తాయి. కన్నీళ్ళు సీరియల్లో ఇంకా బాగుంటాయి.

ప్రేక్షకుల లెక్కల విషయం కూడా ఇక్కడ చెప్పాలి. 2015 దాకా దేశంలో రేటింగు పట్టణాలదే. పల్లె ఇళ్ళు ఆ కొలతలోకి వచ్చింది 2015 అక్టోబరులో. అంటే అంతదాకా బోధన్ చుట్టుపట్ల పల్లెల్లో ఎవరేం చూసినా లెక్కలో లేనట్టే. "జనానికి అదే కావాలి" అన్న మాట వెనక ఉన్న జనం ఎవరో దీన్నిబట్టి ఊహించవచ్చు. పల్లెను లెక్కలోకి తీసుకున్న రెండు నెలలకు ఇక్కడ ఫ్యాక్టరీ మూతపడింది. ప్రకటనదారుడికి కొనుగోలుదారుగా కనిపించిన మనిషే పనివాడిగా కనిపించకుండా పోయాడు.

భాష సంగతి వేరే వ్యాసం కాదగినది. వీ6 'తీన్మార్ వార్తలు' వచ్చాక తెలంగాణ మాట వార్త చదివే కుర్చీలోకి వచ్చింది. అది చిన్న విజయం కాదు. అయినా చాలా సీరియళ్ళలో ఆ మాట ఇంకా డ్రైవరుదీ, పనిమనిషిదీ, రౌడీదీ. హాల్లో నిలబడ్డ కుటుంబం దాన్ని మాట్లాడదు.

సీరియల్ రచయితల మీద విరుచుకుపడటం తేలిక. కాని వాళ్ళకూ డబ్బు భాగం లెక్కనే. కథ ఛానల్ ఆఫీసులో నిర్ణయమవుతుంది, మలుపు రేటింగు నిర్ణయిస్తుంది, మాటలు షూటింగు పక్కన కూర్చుని రాయాలి. వెయ్యి బీడీలకింత అని కూలి తీసుకునే స్త్రీకి, భాగానికింత అని తీసుకునే మనిషి కథ చెబుతున్నాడు. తెలుగు ఎం.ఏ. చదివి ఆ పనిలో చేరుతున్న యువకులు మన పాఠకుల్లో కూడా ఉంటారు. వాళ్ళను విప్లవం రాయమని నేను కోరటం లేదు. మీ సీరియల్లోని ఆ కంపెనీలో ఏం తయారవుతుందో, అక్కడ ఎందరు పని చేస్తారో, వాళ్ళకు జీతం ఏ తారీఖున వస్తుందో ఒక్క సీనులో రాసి ఇవ్వండి. ఒప్పుకోకపోతే, ఏ కారణం చెప్పి కొట్టేశారో రాసి ఈ పత్రికకు పంపండి.