యాభై ఆకుల కట్ట

పినపాక మండలంలో ఎవరికైనా కాలూ చెయ్యీ పడిపోయిందంటే ఇంటివాళ్లు ముందు వెతికేది బండిని. రైలు పట్టాలు మణుగూరుతో ఆగిపోతాయి. అక్కణ్ణుంచి ఏడూళ్ల బయ్యారం క్రాస్‌రోడ్డుకీ, గోదావరి ఒడ్డు పల్లెలకీ, అడవి అంచు గూడేలకీ రోడ్డే దిక్కు. తలకు సీటీ స్కాన్ తీయించాలంటే భద్రాచలమో, కొత్తగూడెమో, ఖమ్మమో పోవాలి. రక్తం గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమైతే, ఆ గడ్డను కరిగించే సూదిమందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే వెయ్యాలి. మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని జెఫ్రీ సేవర్ అనే అమెరికా న్యూరాలజిస్టు 2006లో లెక్కగట్టాడు. అడవి దారిలో గుంత దగ్గర బండి నెమ్మదించిన ప్రతిసారీ ఈ లెక్క నడుస్తూనే ఉంటుంది.

ఈ నాలుగున్నర గంటల సంగతి ఏటా అక్టోబరు 29న, ప్రపంచ స్ట్రోక్ దినం నాడు పత్రికలు రాస్తాయి. రాయాల్సిందే. ఆసుపత్రి వాళ్లు డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టి పంపించాక వచ్చే నెలల గురించి మాత్రం పెద్దగా ఎవరూ రాయరు. మా అమ్మ విషయంలో అసలు పని అక్కడే మొదలైంది. నేనుండేది పుణెలో. అమ్మ ఉండేది పినపాక దగ్గర పల్లెలో, అన్నా వదినల దగ్గర. ఎడమ మెదడులో గడ్డ. దాంతో కుడి చెయ్యి, కుడి కాలు, వాటితోపాటు మాట పోయాయి.

దూరాన ఉన్న బిడ్డలకు ఇలాంటప్పుడు రెండు పనులే కనిపిస్తాయి. ఒకటి డబ్బు పంపడం, రెండు ఫోన్‌లో సలహాలివ్వడం. ఇంటర్నెట్ ఉంది కాబట్టి సలహాలకు కరువు లేదు. తొలిరోజుల్లోనే మా వదిన ఒక మాట అంది: "నువ్వు ఫోన్లో చెప్తావమ్మా, ఇక్కడ లేపి కూసోబెట్టేదాన్ని నేను." అందులో నిష్ఠూరం లేదు. ఎవరి పని ఏదో తేల్చి చెప్పింది, అంతే. ముట్టుకుని చేసే పనులన్నీ దగ్గరున్నవాళ్లవి. లెక్క, కాగితం, చూపు దూరాన ఉన్నవాళ్లవి. ఈ పంపకం కుదిరాక మా ఇంట్లో చాలా గొడవలు తగ్గాయి.

లెక్క అంటే ఏమిటి? పొద్దునా సాయంత్రం బీపీ ఎంతుందో వదిన చెప్తే నేను నోటు పుస్తకంలో రాస్తాను. ఏ మాత్ర ఏ తేదీకి అయిపోతుందో చూస్తాను. మళ్లీ డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోవాలి, ఏ రక్తపరీక్ష చేయించాలి, స్కాన్ ఫిల్ములు ఏ సంచిలో ఉన్నాయి, ఇవన్నీ నా బాధ్యత. వానాకాలం ముందు ఈ లెక్కకు ఎక్కడలేని విలువ వస్తుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, వంతెన మీద రాకపోకలు ఆపేశారు, ఒడ్డు మండలాల్లో దారులు మునిగాయి. అలాంటి వారంలో బీపీ మాత్రలు నిండుకుంటే? అందుకే జూన్ రాకముందే నెల మందులు ఎక్కువగా ఇంట్లో పడాలి. ఆ గుర్తుచేసే పని పుణెలో కూర్చుని కూడా చెయ్యొచ్చు.

ఇక చూపు. వీడియో కాల్‌లో అందరం మొహాలు చూసుకుంటాం. పక్షవాతం వచ్చిన మనిషి విషయంలో మొహం కంటే భుజం, పాదం ఎక్కువ చెప్తాయి. ఫోన్‌ని కిటికీ గట్టు మీద పెట్టి, అమ్మ పక్క నుంచి కనిపించేలా ఉంచమంటాను. పడిపోయిన చెయ్యి ఒళ్లో ఉందా, దిండు మీద ఉందా, మంచం పక్కకు వేలాడుతోందా? వేలాడితే భుజం కీలు కిందికి జారుతుంది, నొప్పి పట్టుకుంటుంది, నొప్పి వస్తే మనిషి ఇక వ్యాయామానికి ఒప్పుకోదు. లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగకూడదు, నడుము దగ్గర పట్టుకోవాలి. జాకెట్టు తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అదే చివర. మంచం మీదున్నంత కాలం రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి, లేకపోతే పుండ్లు పడతాయి. అన్నం పెట్టేటప్పుడు పూర్తిగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచమనాలి. ముద్ద మింగాక దగ్గు వస్తోందంటే, గొంతు తడిగా గరగరమంటోందంటే, మెతుకో నీళ్లో ఊపిరితిత్తుల వైపు పోతున్నాయని అనుమానించాలి. అలా పోతే న్యుమోనియా వస్తుంది. ఇవన్నీ మాకు నేర్పింది మణుగూరు నుంచి బండి మీద వచ్చే ఫిజియోథెరపీ అబ్బాయి. నేర్చుకుని చేసింది వదిన. నేను చేసిందల్లా కిటికీ గట్టు మీది ఫోన్‌లోంచి చూసి, మరిచిపోయిన దాన్ని గుర్తుచెయ్యడం.

మాట పోవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దూరాన ఉన్నవాళ్ల చేతిలో ఉన్నది మాట ఒక్కటే. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు ఒక రోగిని చూశాడు. ఆ మనిషికి చెప్పింది చాలావరకు అర్థమయ్యేది, తిరిగి చెప్పడానికి మాత్రం 'టాన్' అన్న ఒక్క ముక్కే వచ్చేది. చనిపోయాక చూస్తే దెబ్బ మెదడు ఎడమవైపు ముందు భాగంలో ఉంది. ఆ ప్రాంతానికి ఇప్పటికీ బ్రోకా పేరే. ఇలా మాట దెబ్బతినడాన్ని డాక్టర్లు అఫేసియా అంటారు. ఇది వచ్చిన వాళ్లకు చెవుడు రాలేదు, మతి పోలేదు. మన చుట్టాలు మాత్రం పలకరించడానికొచ్చి చెవిలో అరుస్తారు, పసిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడతారు, అమ్మ ఎదురుగానే "ఏం తెలుస్తుందిలే పాపం" అంటారు. అన్నీ తెలుస్తాయి. కళ్లు తుడుచుకునేది అందుకే.

ఫోన్‌లో "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగితే మా అమ్మ దగ్గర జవాబు ఉండదు. ఉంది, బయటికి రాదు. "అన్నం తిన్నావా?" అంటే తల ఊపగలదు. కాబట్టి అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్నలే అడగాలి. ఒక్కటి అడిగి ఆగాలి. ఆ ఆగడం చాలా కష్టం. ఫోన్ పట్టుకుని ఏమీ మాట్లాడకుండా కూర్చుంటే లైను తెగిపోయిందేమో అనిపిస్తుంది. మనమే మాట అందించేస్తాం. అందించిన ప్రతి మాటా ఆవిడ వెతుక్కునే అవకాశాన్ని లాగేసుకుంటుంది. టీవీ ఆపాలి, ఒక్కరే మాట్లాడాలి, అమ్మ నన్ను అన్న పేరుతో పిలిచినా దిద్దకూడదు.

మాట పోయిన మనిషికి కూడా అలవాటుపడిన వరస మిగిలి ఉండొచ్చు. వారాల పేర్లు, అంకెలు, భజన పాట, ఒక్కోసారి తిట్టు కూడా గడగడా వస్తాయి. పాట ద్వారా మాట రప్పించే చికిత్సను 1970ల్లో బోస్టన్‌లో రూపొందించారు. మా అమ్మకు ఆ వరస అంకెల్లో మిగిలింది. ఎందుకంటే అమ్మ జీవితమంతా తునికాకు కట్టలు కట్టింది. ఎండాకాలం తెల్లవారకముందే అడవికి పోవడం, ఎండెక్కేసరికి మూటతో రావడం, నీడన కూర్చుని ఆకు మీద ఆకు పేర్చి యాభైకో కట్ట కట్టడం, సాయంత్రం కల్లంలో లెక్క అప్పజెప్పడం. మా చుట్టుపక్కల గూడేల్లో, పల్లెల్లో ఆ కొద్ది వారాల కూలి చాలా ఇళ్లకు ఆధారం. ఫిజియో అబ్బాయి ఆవిడకు మెత్తటి రబ్బరు బంతి ఇచ్చి పిసకమన్నాడు. రెండుసార్లు పిసికి పక్కన పడేసింది. దాంతో వదిన తునికాకుకు బదులు మోదుగాకులు తెచ్చి ముందు పెట్టింది.

ఎడమచేత్తో ఆకు తీసి కుడిచేతి వేళ్ల మధ్య పెట్టాలి. కుడిచెయ్యి దాన్ని జారనివ్వకుండా పట్టుకోవాలి, కట్ట మీద పడెయ్యాలి. మొదట్లో ఆకు జారి ఒళ్లో పడేది. బొటనవేలు కదిలేది కాదు, మణికట్టు మొత్తం పక్కకు తిరిగేది. ఆకులు పేరుస్తుండగా ఒకనాడు లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పదమూడు దగ్గర తట్టుకుంది, మళ్లీ మొదటికొచ్చింది. మాట పెగలని నోట అంకెలు వచ్చాయి. ఫోన్‌లో ఇవతల నేను కూడా ఆవిడతో కలిసి లెక్కపెట్టేదాన్ని, ఒక అంకె వెనకగా, ఆవిడే ముందు చెప్పేలా. కాలువ పూడితే నీరు పక్క నుంచి చాలు చేసుకున్నట్టు, దెబ్బ తగలని మెదడు భాగాలు కొంత పని అందుకుంటాయని డాక్టర్లు చెప్తారు. అలా అందుకోవాలంటే ఒకే పనిని వందలసార్లు చెయ్యాలి. రబ్బరు బంతిని వందలసార్లు పిసకడానికి అమ్మకు ఏ కారణమూ లేదు. కట్ట పూర్తి చెయ్యడానికి ఉంది.

ఇంతవరకు చదివి, ఇంటివాళ్లు మనసుపెట్టి చేస్తే చాలు, వైద్యంతో పనిలేదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో, 1250 మంది రోగులతో అటెండ్ అనే పెద్ద పరిశోధన జరిగింది. ఒక వర్గంలో ఇంటివాళ్లకు వ్యాయామాలు నేర్పి ఇంటికి పంపారు, రెండో వర్గానికి మామూలుగా అందే వైద్యం. 2017లో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలలకు రెండు వర్గాల్లోనూ చనిపోయినవాళ్లు, ఇంకొకరి మీద ఆధారపడ్డవాళ్లు కలిపి 47 శాతమే. తేడా లేదు. ఈ సంగతి చదివినప్పుడు నాకు బాధ వేసింది, తర్వాత ఒక రకంగా ఊరట కలిగింది. అమ్మ ఇంకా బాగా నడవలేకపోతే దానికి వదిన చెయ్యకపోవడం కారణమని ఇక ఎవరూ అనలేరు. ఇంటి ఆడవాళ్లకు పని అప్పజెప్పి శిక్షణ పొందినవాళ్ల జీతం మిగుల్చుకోవడం కుదరదని కూడా అదే పరిశోధన చెప్తోంది. తొందరా పనికిరాదు. మొదటి ఇరవైనాలుగు గంటల్లోనే లేపి ఎక్కువగా నడిపించడం వల్ల మేలు కంటే కీడే కాస్త ఎక్కువ జరిగిందని 2015లో వచ్చిన అవెర్ట్ పరిశోధన తేల్చింది.

ఊళ్లో ఇంకో వైద్యం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పసరు కట్టు కడతారు, పావురం రక్తం పూస్తారు. దూరం నుంచి ఫోన్‌లో వాదించి ఏ పెద్దమ్మనూ గెలవలేం. నూనెతో మర్దన చేస్తామంటే, గట్టిగా రుద్దకుండా చేస్తే చెయ్యనివ్వండి. కానీ పసరు వేసినన్నాళ్లూ ఇంగ్లీషు మందు మానాలని షరతు పెడితే అక్కడ గీత గీయాలి. ఒకసారి పక్షవాతం వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ. బీపీ మాత్ర, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర, కొవ్వు తగ్గించే మాత్ర దాన్ని ఆపడానికే. "బీపీ మామూలుగానే ఉంది కదా, ఇంక మాత్రెందుకు" అని మానేస్తారు. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే మామూలుగా ఉంది.

పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మంది దిగులు జబ్బుకు లోనవుతారు. తిండి మానడం, గోడవైపు తిరిగి పడుకోవడం, వ్యాయామానికి మొండికెయ్యడం చూసి మొండితనం అనుకుంటాం. దానికీ మందుంది, డాక్టరుకు చెప్పాలి. చూసుకునేవాళ్ల దిగులుకు మాత్రం ఏ చీటీ మీదా మందు రాయరు. మా వదిన ఆ ఏడు పత్తి తీతకు పోలేదు. ఆ కూలి డబ్బులు పోయాయి, పదిమందితో చేలో నవ్వుకుంటూ గడిపే రోజులూ పోయాయి. నేను పంపే డబ్బు మందులకని పంపేదాన్ని. తర్వాత వదిన పేర విడిగా, ఆవిడ పోగొట్టుకున్న కూలికి తగ్గకుండా పంపడం మొదలుపెట్టాను. సెలవు దొరికితే పండగకు పోవడం మానేశాను. పత్తి తీత రోజుల్లో పోయి, అమ్మ పని నేను చేసి, వదినను చేనుకో, పుట్టింటికో పంపిస్తున్నాను. దూరాన ఉన్నవాళ్లు చెయ్యగల సాయాల్లో ఇంతకంటే పెద్దది నాకు తెలియదు.

మీ అమ్మానాన్నలు ఊళ్లో ఉండి, మీరు ఎక్కడో ఉంటే మూడు పనులు ఇవాళే చెయ్యండి. వాళ్ల బీపీ ఎంతో కనుక్కోండి. ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎమ్మునో అడిగితే ఊళ్లోనే చూస్తారు. మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా టైము చూసి గుర్తుపెట్టుకుని 108కి ఫోన్ చెయ్యాలని, స్కాన్ తియ్యకుండా ఎవరు చెప్పినా ఆస్పిరిన్ మింగించొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. నాళం చిట్లి వచ్చిన పక్షవాతమైతే ఆ మాత్ర ప్రాణం మీదికి తెస్తుంది. మూడోది, మీ అమ్మానాన్నలను రోజూ లేపి కూర్చోబెట్టే మనిషి ఎవరో, ఆ మనిషికి మీరు ఎంత బాకీ ఉన్నారో లెక్క రాసుకుని తీర్చండి. ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒకటే: పినపాక లాంటి ప్రతి మండలంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి ఇళ్లకు తిరిగే ఒక ఫిజియోథెరపిస్టును జీతమిచ్చి పెట్టండి. గడ్డ కరిగించే సూదిమందు అందే టైము దాటిపోయిన పల్లెలకు మిగిలిన వైద్యం అదే.