రెండు పెన్సిళ్లు

ఈ వారం నాకు ఒళ్లు మండింది. బీడీఎస్ చదువుతున్న మా మేనకోడలి రికార్డు తిరగేశాను. చిగుళ్ల వాపు బొమ్మ. అందులో ప్లాస్మా కణాలు బారులు తీరాయి. ప్రతి కేంద్రకం బండిచక్రమే, ఆకులతో సహా.

"స్లైడులో ఇలాగే కనబడిందా?"

"సీనియర్ రికార్డులో ఇలాగే ఉంది మావయ్యా."

చెయ్యి గీస్తేనే కన్ను చూస్తుందన్నది నా పాత పాట. ఈ కాలమ్ చదివేవాళ్లు విని విని విసిగిపోయి ఉంటారు. అందుకే స్లైడుకి మామూలుగా వేసే హెచ్ అండ్ ఈ రంగుల పెన్సిళ్లంటే నాకంత మమకారం: కేంద్రకాలకి ఊదా, మిగతా అంతటికీ గులాబీ. కానీ కాపీ కొట్టే చేతికి కన్నుతో పనేముంది? నాలుగైదు మైక్రాన్ల మందాన కోసిన ముక్కలో కణం ఏ వాలున తెగుతుందో ఎవరికెరుక! చక్రం ఎప్పుడో ఒకటి దొరుకుతుంది. వెతకాల్సింది వేరే: ఓ పక్కకి ఒరిగిన కేంద్రకం, దాన్ని ఆనుకుని గాల్జీ ఉన్నచోట వెలిసినట్టుండే మచ్చ, చుట్టూ ఊదా ఛాయ. యాంటీబాడీలు తయారుచేసే కణం కాబట్టి ఒళ్లంతా ఆర్‌ఎన్‌ఏ, అందుకే ఆ ఛాయ. వాపు పాతబడిందనడానికి ఈ గుంపే సాక్ష్యం. ముందొచ్చేవి న్యూట్రోఫిల్స్, తర్వాత లింఫోసైట్లు, ఆపైన ఇవి. పేజ్, ష్రోడర్ 1976లో వేసిన ఈ వరస ఇప్పటికీ పాఠాల్లో ఉంది.

ఇదంతా దండకంలా చదివాను. ఆ పిల్ల పెన్సిళ్లు నా ముందుకు తోసి, "లాంగర్‌హాన్స్ కణం గియ్యి, చూద్దాం" అంది.

ఎలా గీస్తాం? హెచ్ అండ్ ఈలో అది పైపొరలో ఓ వెలిసిన చుక్క, అంతే. 1868లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే విద్యార్థి చర్మానికి గోల్డ్ క్లోరైడ్ పట్టిస్తే గానీ దాని కొమ్మలు బయటపడలేదు. పడ్డాక కూడా అతను నరాల కణమనుకున్నాడు! చిగుళ్లలో ఇవాళ ఆ కణాన్ని పట్టిచ్చే సీడీ1ఏ పరీక్ష చేస్తే గోధుమరంగు చేతులు చాచి కనిపిస్తుంది. మాస్ట్ కణాలదీ ఇదే కథ. టోలుయిడిన్ బ్లూ వేస్తే చుట్టూ నీలం, వాటి రేణువులు మాత్రం ఊదా ఎరుపు.

అంటే నేను ఇన్నాళ్లూ నెత్తిన పెట్టుకున్న రెండు పెన్సిళ్లు, ఉన్న కణాల్ని కూడా లేనట్టే చూపిస్తున్నాయి. ఎంత శ్రద్ధగా గీసినా రంగు అంటనిది కాగితం మీదికి రాదు. సీడీ1ఏ ఖరీదైన వ్యవహారం, ప్రతి కాలేజీకీ కుదరదు. టోలుయిడిన్ బ్లూకి అంత ఖర్చు లేదు. ముందు ల్యాబుకి ఆ సీసా కొనండి, రికార్డులు ఎవరు ఎలా గీశారన్న పంచాయితీ తర్వాత పెట్టుకుందాం.